కంచె దాటించినవాడి బలమెంత?

2023 బేస్‌బాల్ సీజన్ లెక్కల్లోంచి ఇద్దరు బ్యాటర్లను తీసి పక్కపక్కన నిలబెట్టి చూడండి. మయామీ మార్లిన్స్‌కు ఆడిన లూయిస్ అరాయెజ్ 574 అవకాశాల్లో 203 హిట్లు కొట్టాడు. ఫిలడెల్ఫియా ఫిల్లీస్‌కు ఆడిన కైల్ ష్వార్బర్ 585 అవకాశాల్లో 115 హిట్లతో సరిపెట్టాడు. అరాయెజ్ సగటు 0.354. ఆ ఏడాది అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ మొత్తంలో అంతకు మించినవాడు లేడు. ష్వార్బర్ సగటు 0.197. ఆ స్థాయి ఆటలో సగటు 0.200 కిందికి జారితే జట్టులో చోటే కష్టం. పైగా అతను 215 సార్లు స్ట్రైకౌట్ అయ్యాడు, అంటే బంతిని కొట్టలేకుండానే అవుటయ్యాడు. అరాయెజ్ కేవలం 34 సార్లు.

అయినా ఫిల్లీస్ యాజమాన్యం ష్వార్బర్‌ను వదులుకుంటానని కలలో కూడా అనుకోలేదు. ఎందుకంటే ఆ 115 హిట్లలో 47 హోమ్ రన్‌లు. సింగిల్స్ 48. అంటే ఒక్క బేస్ దూరం పరుగెత్తినన్ని సార్లు దాదాపుగా బంతిని కంచె దాటించాడు. అరాయెజ్ ఏడాదంతా కలిపి దాటించింది పదిసార్లే.

క్రికెట్‌తో పెరిగిన మనకు హోమ్ రన్ అనగానే సిక్సర్ గుర్తొస్తుంది. పోలిక సగమే నిజం. బేస్‌బాల్ మైదానంలో బ్యాటర్ చుట్టి రావలసినవి నాలుగు బేస్‌లు. కొట్టిన దెబ్బకు ఒక బేస్ చేరితే సింగిల్, రెండు చేరితే డబుల్, మూడు చేరితే ట్రిపుల్. బంతి ఫౌల్ గీతల మధ్య నుంచి గాల్లోనే కంచె దాటితే హోమ్ రన్; తీరిగ్గా నాలుగూ చుట్టి రావచ్చు. అప్పటికే బేస్‌ల మీద నిలబడి ఉన్నవాళ్లందరూ కూడా ఇంటికొస్తారు కాబట్టి ఒక్క దెబ్బకు ఒక పరుగు రావచ్చు, నాలుగూ రావచ్చు. సిక్సర్‌కు ఎప్పుడూ ఆరే. ఇంకో తేడా: టీ20లో సిక్సర్లు ఒకే ఓవర్‌లో మూడు చూస్తాం. మేజర్ లీగ్‌లో మొనగాళ్లనిపించుకున్నవాళ్లు కూడా పది పదిహేను అవకాశాలకు ఒకటి కొడితే గొప్ప.

అంత అరుదైనది కాబట్టే, దాన్ని కొట్టగల సత్తా ఎవరిలో ఎంత ఉందో అంకెల్లో పట్టుకోవాలన్న తాపత్రయం అమెరికా వాళ్లకు వందేళ్లకు పైగా ఉంది. హోమ్ రన్‌లు లెక్కబెడితే సరిపోదా అంటే, సరిపోదు. ఎందుకు సరిపోదో తెలుసుకోవడమే ఈ కథలో అసలు రుచి.

బేస్‌బాల్ గణాంకాల పితామహుడిగా చెప్పే హెన్రీ చాడ్విక్ క్రికెట్ మనిషి. 1824లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌లో పుట్టి, చిన్నప్పుడే అమెరికా వెళ్లి, న్యూయార్క్ పత్రికలకు క్రికెట్ వార్తలు రాస్తూ బేస్‌బాల్ వైపు మళ్లాడు. మ్యాచ్ మొత్తాన్ని ఒక పట్టికలో కుదించే పద్ధతిని, సగటు అనే ఆలోచనను ఆ ఆటలో నాటినవాళ్లలో అతనే ముఖ్యుడు. కాలక్రమంలో స్థిరపడిన బ్యాటింగ్ సగటు మాత్రం మన క్రికెట్ సగటులా పరుగులను లెక్కించదు. హిట్లను అవకాశాలతో భాగిస్తుంది. నత్తనడకన దొర్లిన సింగిలూ ఒక హిట్టే, గ్యాలరీలో పడిన హోమ్ రనూ ఒక హిట్టే.

ఈ అన్యాయాన్ని గట్టిగా నిలదీసినవాడు ఎఫ్.సి.లేన్. బేస్‌బాల్ మ్యాగజైన్ సంపాదకుడు. 1916లో రాసిన వ్యాసంలో ఆయన వాదన ఇలా సాగింది: నీ జేబులో డబ్బెంతుందని స్నేహితుణ్ని అడిగినప్పుడు పన్నెండు నాణేలున్నాయని చెబితే ఏం అర్థమవుతుంది? అయిదు సెంట్ల బిళ్లలా, అరడాలర్లా? బ్యాటింగ్ సగటు చేస్తున్నది సరిగ్గా అదే. లేన్ ముందుకు తెచ్చిన ఉదాహరణ 1915 సీజన్‌లోది. బ్రూక్లిన్ ఆటగాడు జేక్ డాబర్ట్ 151 హిట్లు, ఫిలడెల్ఫియా ఆటగాడు గావీ క్రావత్ 149 హిట్లు. సగటులో డాబర్ట్‌దే పైచేయి. కానీ డాబర్ట్ హోమ్ రన్‌లు రెండు, క్రావత్‌వి ఇరవై నాలుగు.

సింగిల్‌కు 1, డబుల్‌కు 2, ట్రిపుల్‌కు 3, హోమ్ రన్‌కు 4 వేసి మొత్తాన్ని అవకాశాలతో భాగిస్తే వచ్చేది స్లగ్గింగ్ సగటు. మేజర్ లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటైన నేషనల్ లీగ్ దీన్ని 1923లో అధికారిక లెక్కల్లోకి తీసుకుంది. లేన్ గొడవ తీరినట్టే కదా అనిపిస్తుంది. ఇప్పుడు మళ్లీ మన ఇద్దరి దగ్గరికి రండి. 2023లో ష్వార్బర్ స్లగ్గింగ్ 0.474. అరాయెజ్‌ది 0.469. ఎప్పుడో తప్ప బంతిని కంచె దాటించనివాడూ, కొడితే కంచె అవతలికే కొట్టేవాడూ ఒకే మెట్టు మీద నిలబడ్డారు! కారణం వెతికితే అరాయెజ్‌వి 160 సింగిల్స్. స్లగ్గింగ్‌లో సింగిల్స్ కూడా కలుస్తాయి. సింగిల్స్ ఎక్కువైతే బలం లేకున్నా అంకె ఉబ్బుతుంది.

ఈ ముడి విప్పినవాళ్లు ఇద్దరు. బ్రూక్లిన్ డాడ్జర్స్‌ను నడిపి, 1947లో జాకీ రాబిన్సన్‌ను మైదానంలోకి దింపి, మేజర్ లీగ్‌లో నల్లజాతీయులపై ఉన్న అప్రకటిత నిషేధాన్ని బద్దలుకొట్టిన బ్రాంచ్ రికీ ఒకరు. అదే ఏడాది ఆయన కొలువులోకి తీసుకున్న మాంట్రియల్ కుర్రాడు అలన్ రాత్ రెండోవాడు. ఒక జట్టు జీతమిచ్చి గణాంకాల మనిషిని పెట్టుకోవడం అప్పటికి వింత. 1954లో లైఫ్ పత్రికలో రికీ పేరుతో వచ్చిన వ్యాసంలో, రాత్ లెక్కల ఆధారంగా, బలాన్ని విడిగా తీసి చూపే సూత్రం ఒకటి బయటపడింది. తర్వాత అది సులువైన రూపంలో నిలిచింది: స్లగ్గింగ్ నుంచి బ్యాటింగ్ సగటును తీసేయండి. సింగిల్స్ విలువ సున్నా అయిపోతుంది. డబుల్‌కు 1, ట్రిపుల్‌కు 2, హోమ్ రన్‌కు 3 మిగులుతాయి. దీన్నే ఐసొలేటెడ్ పవర్ అంటారు, పొట్టిగా ఐసో.

ష్వార్బర్ ఐసో 0.277. అరాయెజ్‌ది 0.115. ఇంకేం చెప్పాలి! మామూలు మేజర్ లీగ్ బ్యాటర్‌కు 0.140 నుంచి 0.170 మధ్య ఉంటుంది, 0.200 దాటితే గట్టివాడు, 0.250 దాటితే బంతి విసిరే పిచర్లకు నిద్ర పట్టదు. ఒక్క తీసివేత తప్ప ఏమీ లేని ఈ చిన్న లెక్క మీద నాకు మక్కువ ఎక్కువ. దినపత్రికలో అచ్చయ్యే రెండు అంకెలుంటే చాలు, టీ తాగుతూ వేసేయొచ్చు.

ఐసోలోనూ చిన్న లొసుగుంది. ట్రిపుల్స్ కండబలం కంటే కాళ్ల వేగం వల్ల వస్తాయి. అందుకని అచ్చంగా హోమ్ రన్ సత్తానే చూడాలనుకునేవాళ్లు ఎన్ని అవకాశాలకు ఒకటి కొట్టాడో లెక్కేస్తారు. కెరీర్ మొత్తం మీద మార్క్ మెగ్వయర్‌ది 10.6, అంతకన్నా మెరుగైన అంకె పెద్దవాళ్లెవరికీ లేదు. బేబ్ రూత్‌ది 11.8. మొత్తం 762 హోమ్ రన్‌లతో జాబితాలో అందరికంటే పైనున్న బ్యారీ బాండ్స్‌ది 12.9, 755 కొట్టిన హ్యాంక్ ఆరన్‌ది 16.4. ఆరన్ గొప్పతనం ఇరవై మూడేళ్లు అదే నిలకడతో కొట్టడంలో ఉంది; ఒక్కో అవకాశానికి బలం లెక్కేస్తే మెగ్వయర్ ముందు వెలవెలబోతాడు.

2001లో బాండ్స్ 476 అవకాశాల్లో 73 కొట్టాడు. అంటే ఆరున్నరకొకటి. ఐసో 0.536. ఇవి మనుషుల అంకెల్లా అనిపించవు. కొంత లెక్కలో మాయ కూడా ఉంది. అతణ్ని చూసి భయపడి పిచర్లు అందని బంతులేసి 177 సార్లు ఉత్తినే మొదటి బేస్‌కు పంపారు. వాక్ అనే ఈ ఉచిత బేస్‌లు అవకాశాల కింద లెక్కకు రావు. క్రీజులోకి వచ్చిన ప్రతిసారీ లెక్కలో వేస్తే తొమ్మిది సార్లకొకటి అవుతుంది. ఇంక మందుల సంగతి. మెగ్వయర్ స్టెరాయిడ్లు వాడానని 2010లో నోరారా ఒప్పుకున్నాడు. బాండ్స్ తెలిసి వాడలేదనే అంటాడు. అయినా ఆ ఆరోపణల నీడలోనే హాల్ ఆఫ్ ఫేమ్ పాత్రికేయుల ఓటింగ్‌లో పదేళ్లూ గట్టెక్కలేకపోయాడు. ఐసో దగ్గర దీనికి జవాబు లేదు. బలం ఎంతో చెబుతుంది గానీ ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పదు.

మందుల కంటే పాత చిక్కు మైదానం. చికాగో ఆటగాడు నెడ్ విలియమ్సన్ కథ ఎన్నిసార్లు విన్నా నవ్వొస్తుంది. లేక్‌ఫ్రంట్ పార్క్ అనే అతని సొంత మైదానం అగ్గిపెట్టెంత: ఎడమ కంచె 180 అడుగులు, కుడి కంచె 196 అడుగులు. ఈనాటి మైదానాల్లో పక్క కంచెలు సాధారణంగా 310, 330 అడుగుల దూరంలో ఉంటాయి. అంత దగ్గరి కంచె దాటితే హోమ్ రన్ ఇవ్వడం భావ్యం కాదని 1883లో డబుల్ మాత్రమే ఇచ్చేవారు. ఆ ఏడాది విలియమ్సన్ డబుల్స్ 49, హోమ్ రన్‌లు 2. 1884లో నియమం మార్చి కంచె దాటితే హోమ్ రనే అన్నారు. విలియమ్సన్ 27 కొట్టాడు, అందులో 25 సొంత మైదానంలోనే. మరుసటి సంవత్సరం జట్టు వేరే మైదానానికి మారింది. అతని హోమ్ రన్‌లు మూడుకు పడిపోయాయి. చేయి అదే, బ్యాటూ అదే. ఆ 27 రికార్డు మాత్రం 1919లో బేబ్ రూత్ 29 కొట్టేదాకా ముప్ఫై అయిదేళ్లు చెక్కుచెదరలేదు.

లేన్ మెచ్చిన క్రావత్ కూడా ఈ బాపతే. 1914లో అతని 19 హోమ్ రన్‌లూ, ఒక్కటి మినహాయింపు లేకుండా, కుడి కంచె 280 అడుగుల దగ్గర్లో ఉన్న ఫిలడెల్ఫియా సొంతగడ్డ మీదే వచ్చాయి. న్యూయార్క్ జెయింట్స్ ఎడమచేతి వాటం బ్యాటర్ మెల్ ఆట్ కెరీర్‌లో 511 కొట్టాడు. కుడి మూల 258 అడుగులే ఉన్న పోలో గ్రౌండ్స్‌లో 323, బయట అన్నిచోట్లా కలిపి 188. అదే ఊళ్లో, నదికి అవతలి ఒడ్డున, యాంకీ స్టేడియంలో జో డిమాజియోకు అంతా రివర్స్. కుడిచేతి బ్యాటర్ కొట్టే వైపు కంచె 457 అడుగుల దాకా వెనక్కి పోయేది. సొంత మైదానంలో 148, బయట 213. వీళ్లిద్దర్నీ 511, 361 అనే మొత్తాలతో పోల్చేవాణ్ని చూస్తే జాలేస్తుంది.

డెన్వర్‌లోని కూర్స్ ఫీల్డ్ సముద్రమట్టానికి మైలు ఎత్తున ఉంది. పలచని గాలిలో బంతి ఇంకా ముందుకు పోతుంది. కంచెలు వెనక్కి జరిపి కట్టినా, 2002 నుంచి బంతుల్ని తేమగదిలో దాచి వాడుతున్నా, పిచర్ల పాలిట అది శాపంగానే మిగిలింది. అందుకే ఇప్పుడు ఏ మైదానం ఎంత సాయం చేస్తుందో గుణకం కట్టి లెక్క సరిచేస్తారు. 2022లో యాంకీస్ బ్యాటర్ ఆరన్ జడ్జ్ 62 కొట్టి, మేజర్ లీగ్ రెండో విభాగమైన అమెరికన్ లీగ్ రికార్డును తిరగరాసినప్పుడు, యాంకీ స్టేడియం కుడి కంచె దగ్గరగా ఉంది కాబట్టే అని గొణిగినవాళ్లున్నారు. వాళ్ల నోరు మూయించే అంకె ఒకటుంది: ఇంట్లో 30, బయట 32.

ఇక బంతి. 1920కి ముందు ఒకే బంతిని నల్లబడి మెత్తబడేదాకా వాడేవారు, పిచర్లు దానికి ఉమ్మి పూసేవారు. 1920లో ఉమ్మి బంతిని నిషేధించారు. అదే ఏడాది ఆగస్టులో కంటికి సరిగా ఆనని బంతి తలకు తగిలి రే చాప్‌మన్ చనిపోయాక, మురికి పట్టిన బంతిని వెంటనే మార్చడం మొదలైంది. మన కాలంలో ఇంకా విచిత్రం. 2014లో లీగ్ మొత్తం హోమ్ రన్‌లు 4,186. 2019లో 6,776! అయిదేళ్లలో మనుషులు అంత బలిశారా? లీగ్ నియమించిన శాస్త్రవేత్తల సంఘం తేల్చింది వేరు: ప్రధానంగా బంతికి గాలి నిరోధం తగ్గింది. కోస్టారికాలో చేత్తో కుట్టే 108 జంట కుట్ల ఎత్తులో వెంట్రుకవాసి తేడా కూడా అందులో ఒక కారణం. డార్ట్‌మత్ కాలేజీ పరిశోధకులైతే 2010 నుంచి 500కు పైగా హోమ్ రన్‌లను భూతాపం ఖాతాలో వేశారు. వేడి గాలి పలచన కదా.

అందువల్ల నా మట్టుకు, బలవంతుణ్ని అతని కాలపు తోటివాళ్ల పక్కన పెట్టి చూడటమే న్యాయం. 1920లో రూత్ 54 కొట్టాడు. ఆ ఏడాది అమెరికన్ లీగ్‌లోని ఎనిమిది జట్లూ కలిపి కొట్టినవి 369. అంటే లీగ్ మొత్తంలో ఏడింట ఒక వంతు ఒక్కడివే. సొంత జట్టును పక్కనపెడితే ఆ లీగ్‌లో మరే జట్టూ అతనొక్కడు కొట్టినన్ని కొట్టలేదు. జడ్జ్ 62 కొట్టిన 2022లో మేజర్ లీగ్ మొత్తం 5,215. జట్ల సంఖ్య పెరిగింది, అందరూ కంచె వైపే ఊపుతున్నారు కాబట్టి నేరుగా పోల్చలేం. అయినా తన కాలం మీద రూత్ పరిచిన నీడ ఇంకెవరూ పరచలేదు.

2015లో ఆట తీరే మారింది. స్టాట్‌కాస్ట్ పేరుతో అన్ని మైదానాల్లోనూ రాడార్లూ కెమెరాలూ పెట్టారు. 2020 నుంచి ఆ పని హాక్‌ఐ కెమెరాలది. మన ఎల్బీడబ్ల్యూ రివ్యూల్లో చూసే హాక్‌ఐయే. ఇప్పుడు ఫలితంతో పనిలేదు. బ్యాటు తగిలిన క్షణంలో బంతి ఎంత వేగంతో, ఏ కోణంలో లేచిందో తెలిస్తే చాలు. గంటకు 95 మైళ్లు, అంటే 153 కిలోమీటర్లు దాటితే గట్టి దెబ్బ. 98 మైళ్ల వేగంతో 26 నుంచి 30 డిగ్రీల మధ్య లేస్తే అది బ్యారెల్. వేగం పెరిగేకొద్దీ కోణంలో వెసులుబాటు కూడా పెరుగుతుంది. కొట్టిన బంతుల్లో బ్యారెల్స్ ఎన్నో చూస్తే, కొన్ని వారాల ఆటలోనే కుర్రాడి భవిష్యత్తు చూచాయగా తెలుస్తుంది. అదే బంతి ముప్ఫై మైదానాల్లో ఎన్నింట కంచె దాటేదో కూడా చెప్పేస్తారు.

బలం చిక్కింది, ఇక వెతుకులాట అయిపోయింది అనుకునేలోపు ఒనీల్ క్రూజ్ వచ్చాడు. పిట్స్‌బర్గ్ పైరేట్స్‌కు ఆడే ఆరడుగుల ఏడంగుళాల మనిషి. 2022 ఆగస్టులో అతను కొట్టిన బంతి 122.4 మైళ్ల వేగంతో దూసుకెళ్లింది, దాదాపు 197 కిలోమీటర్లు. స్టాట్‌కాస్ట్ అప్పటిదాకా నమోదు చేసిన వేగాల్లో అదే అత్యధికం. ఫలితం? సింగిల్! చాలినంత ఎత్తు లేవక, కుడి గోడకు కొట్టుకుని, ఫీల్డర్ చేతిలోకి వేగంగా తిరిగొచ్చింది. 2025 మేలో తన రికార్డు తానే చెరిపి 122.9తో కొట్టినప్పుడు మాత్రం బంతి 432 అడుగులు పోయి అలెగెనీ నదిలో పడింది. ఇంత బలమున్న క్రూజ్ 2025 దాకా ఏ సీజన్‌లోనూ పాతిక హోమ్ రన్‌లు కొట్టలేదు.

మరో పక్క ఇసాక్ పరేడెస్. దెబ్బలో వేగం లీగ్ సగటుకు తక్కువే. అయినా 2023లో టాంపా బేకు ఆడుతూ 31 కొట్టాడు, అన్నీ ఎడమ వైపుకే. కంచె అన్నిటికన్నా దగ్గరగా ఉండేది మూలలో కదా, గురి చూసి అక్కడికే లేపుతాడు. అలాంటివాణ్ని 2024 మధ్యలో చికాగో కబ్స్ తెచ్చుకుంది. అక్కడ ఎడమ మూల 355 అడుగులు. 52 మ్యాచుల్లో మూడే వచ్చాయి. ఆ చలికాలంలోనే అతణ్ని హ్యూస్టన్‌కు పంపేశారు. సొంత మైదానంలో ఎడమ గోడ 315 అడుగులే ఉన్న ఆ జట్టుకు ఆడుతూ ఏడాది తిరగకుండానే ఇరవై కొట్టాడు. బేస్‌బాల్ కొత్తగా చూడటం మొదలుపెట్టినవాళ్లు ముందుగా గమనించాల్సింది ఇతన్నే. బలానికీ హోమ్ రన్‌కూ మధ్య ఎంత తెలివి పడుతుందో ఇతని ఆటలో కనిపిస్తుంది.

నన్నడిగితే రేపు ఏం కొడతాడో తెలియడానికి స్టాట్‌కాస్ట్, నిన్న ఏం కొట్టాడో తెలియడానికి ఐసో. కెమెరాలు రాకముందే ఆడి వెళ్లిపోయినవాళ్లకు రెండోదే దిక్కు. జాష్ గిబ్సన్ అలాంటివాడు. నల్లజాతీయుల కోసం విడిగా నడిచిన నీగ్రో లీగ్స్‌లో హోమ్‌స్టెడ్ గ్రేస్ క్యాచర్. 1947 జనవరిలో, 35 ఏళ్ల వయసులో చనిపోయాడు. రికీ తీసుకొచ్చిన రాబిన్సన్ మేజర్ లీగ్‌లో అడుగుపెట్టడానికి మూడు నెలల ముందు. కూపర్స్‌టౌన్‌లోని హాల్ ఆఫ్ ఫేమ్ ఫలకం మీద అతనివి దాదాపు 800 హోమ్ రన్‌లని రాశారు. ఊరూరా తిరిగి ఆడిన మ్యాచులూ అందులో కలిపి. స్కోరు పట్టికలు దొరికిన లీగ్ మ్యాచులు మాత్రమే చూస్తే అవి రెండొందలు కూడా లేవు.

2024 మేలో నీగ్రో లీగ్స్ అంకెలను మేజర్ లీగ్ తన అధికారిక పుస్తకంలో కలిపింది. గిబ్సన్ కెరీర్ స్లగ్గింగ్ 0.718గా తేలింది. రూత్‌ది 0.690. వందేళ్లుగా మొదటి స్థానంలో ఉన్న పేరు రెండోదైందని పత్రికలన్నీ రాశాయి. ఇప్పుడు రికీ, రాత్‌ల తీసివేత చేసి చూద్దాం. గిబ్సన్ బ్యాటింగ్ సగటు 0.372, తీసేస్తే 0.346. రూత్ సగటు 0.342, తీసేస్తే 0.348. ఒకే మైదానంలో తలపడే వీలు ఎన్నడూ దొరకని ఇద్దరి మధ్య తేడా, వెయ్యి అవకాశాలకు రెండు బేస్‌లు.